సాహస చిత్రాల్లో సముద్రపు దొంగ నాయకుడు

సముద్రపు దొంగను కథానాయకుడిగా నిలబెట్టిన సాహస చిత్రాలు మూకీల కాలం నుంచీ వస్తున్నాయి. ఈ నాయకుడు ఓడలను దోచుకుంటాడు, మాట తప్పుతాడు, తన ప్రాణం మీదికి వస్తే పక్కవాడిని పణంగా పెడతాడు. అయినా అతడు ఉరికంబం ఎక్కకూడదనే ప్రేక్షకుడు కోరుకుంటాడు. 1935 నాటి ‘కెప్టెన్ బ్లడ్’లో పీటర్ బ్లడ్, ‘ట్రెజర్ ఐలాండ్’ చిత్రాల్లో లాంగ్ జాన్ సిల్వర్, 2003లో మొదలైన ‘పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్’ చిత్రాల్లో జాక్ స్పారో ఈ కోవలో పేరుపొందిన పాత్రలు. నాయకుడు చేసే తప్పు కన్నా అతణ్ణి శిక్షించే చట్టం చేసే తప్పు పెద్దదిగా కనిపించేలా కథ అల్లడం ఈ చిత్రాలన్నిటిలోనూ ఉంది. ఆ అల్లిక బిగువుగా ఉన్నంతవరకే నాయకుడి మీద అభిమానం నిలుస్తుంది.

చారిత్రక నేపథ్యం

ఈ కథల్లో ఎక్కువ భాగానికి ఆధారం సుమారు 1650 నుంచి 1730 వరకు కరీబియన్, అట్లాంటిక్, హిందూ మహాసముద్రాల్లో సాగిన ఓడల దోపిడీ. దొంగకూ రాజభటుడికీ మధ్య గీత అప్పట్లో స్పష్టంగా ఉండేది కాదు. యుద్ధ సమయాల్లో యూరప్ రాజ్యాలు ప్రైవేటు ఓడలకు అనుమతి పత్రాలిచ్చి శత్రువు నౌకలను కొల్లగొట్టనిచ్చేవి. అలాంటి పత్రం ఉన్నవాడిని ప్రైవేటీర్ అనేవారు. పత్రం లేకపోయినా, దాని గడువు తీరినా, అదే పని చేసినవాడు దొంగ అయ్యేవాడు.

హెన్రీ మోర్గన్, విలియం కిడ్ జీవితాలు ఈ తేడాను చూపిస్తాయి. మోర్గన్ 1671లో స్పెయిన్ అధీనంలోని పనామా నగరాన్ని దోచాడు. ఇంగ్లండ్, స్పెయిన్‌ల మధ్య అప్పటికే సంధి కుదిరింది కనుక అతణ్ణి పట్టి లండన్‌కు పంపారు. కానీ 1674లో రాజు అతనికి నైట్ బిరుదు ఇచ్చి, జమైకాకు లెఫ్టినెంట్ గవర్నర్‌గా తిరిగి పంపాడు. కిడ్ దొంగలను పట్టడానికి అనుమతి పత్రంతో బయలుదేరినవాడు. 1698లో భారత పశ్చిమ తీరం దగ్గర ‘కెదా మర్చెంట్’ అనే సరుకుల నౌకను పట్టుకున్నాడు. రాజకీయ గాలి ఎదురు తిరగడంతో 1701లో లండన్‌లో అతణ్ణి ఉరితీశారు. ఒకే రకం పనికి ఒకరికి పదవి, మరొకరికి ఉరి దక్కడం తర్వాతి రచయితలకు మంచి కథావస్తువు అయింది.

దొంగల ఓడల మీద కొన్ని కట్టుబాట్లు ఉండేవి. కెప్టెన్‌ను నావికులే ఎన్నుకునేవారు, నచ్చకపోతే దించేసేవారు. బార్తొలొమ్యూ రాబర్ట్స్ ఓడ నియమాల ప్రకారం ముఖ్య వ్యవహారాల్లో ప్రతి మనిషికీ ఒక ఓటు ఉండేది. దోపిడీ సొమ్ములో కెప్టెన్ వాటా సాధారణ నావికుడి వాటాకు రెండింతలే. పోరులో అవయవం పోగొట్టుకున్నవారికి పరిహారం ముట్టేది. అలెగ్జాండర్ ఎక్స్‌క్వెమెలిన్ 1678లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రచురించిన పుస్తకం కుడి చేతికి 600 వెండి నాణేలని లెక్క చెబుతుంది. వ్యాపార నౌకల్లో, రాజనౌకల్లో కొరడా దెబ్బలకూ అరకొర జీతాలకూ అలవాటుపడ్డ నావికులకు ఇది పెద్ద తేడా.

సాహిత్య మూలాలు

సినిమాకు ముందే దొంగను పుస్తకం నాయకుణ్ణి చేసింది. 1724లో కెప్టెన్ చార్లెస్ జాన్సన్ పేరుతో లండన్‌లో వెలువడిన సముద్రపు దొంగల చరిత్ర ఎడ్వర్డ్ టీచ్, రాబర్ట్స్, యాన్ బానీ, మేరీ రీడ్ వంటివారి జీవితాలను జనంలోకి తెచ్చింది. 1814లో బైరన్ రాసిన కావ్యం ‘ది కోర్సెయిర్’ విడుదలైన రోజునే 10,000 ప్రతులు అమ్ముడైంది. అందులోని కాన్రాడ్ నేరస్థుడే కానీ ప్రేమలో నిజాయితీపరుడు, తన గతం బరువు మోసే ఒంటరి.

రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ నవల ‘ట్రెజర్ ఐలాండ్’ 1881-82లో పిల్లల పత్రికలో ధారావాహికగా వచ్చి 1883లో పుస్తకమైంది. ఒంటికాలి వంటవాడు లాంగ్ జాన్ సిల్వర్ ఇందులో జిమ్ అనే కుర్రాడిని ఆప్యాయంగా చూస్తూనే తిరుగుబాటుకు కుట్ర పన్నుతాడు. తనతో కలవని నావికుణ్ణి చంపుతాడు. చివరికి కొంత సొమ్ము పట్టుకుని శిక్ష తప్పించుకుంటాడు. ఈ నవలను నండూరి రామమోహనరావు ‘కాంచన ద్వీపం’గా తెలుగు చేశారు. తెలుగు పాఠకుల్లో చాలామందికి సముద్రపు దొంగల లోకం ఆ పుస్తకంతోనే పరిచయమైంది.

ఇటలీలో ఎమీలియో సల్గారి 1883 నుంచి శాండోకాన్ కథలు రాశాడు. శాండోకాన్ బ్రిటిష్‌వారి వల్ల రాజ్యం పోగొట్టుకున్న బోర్నియో రాజకుమారుడు, వారి నౌకల మీద పగ తీర్చుకునే దొంగ. 1922లో రఫాయెల్ సబాటిని ‘కెప్టెన్ బ్లడ్’ నవల రాశాడు. ఇంగ్లండ్‌లో 1685 నాటి మన్‌మత్ తిరుగుబాటు తర్వాత బార్బడోస్‌కు ప్రవాస శిక్ష పడి, అక్కడి నుంచి పారిపోయిన హెన్రీ పిట్‌మన్ అనే వైద్యుడి అనుభవాలు ఈ కథకు ఆధారాల్లో ఒకటి. అన్యాయానికి గురైన పెద్దమనిషి దొంగగా మారడమనే మూస దీనితో స్థిరపడింది.

తెరపై పరిణామం

తొలి రూపం: మారువేషంలో ఉన్న కులీనుడు

1926లో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ నటించిన ‘ది బ్లాక్ పైరేట్’ రెండు రంగుల టెక్నికలర్‌లో తీసిన మూకీ చిత్రం. తండ్రిని చంపిన దొంగల మీద పగతో నాయకుడు వారి ముఠాలోనే చేరతాడు. చివర్లో అతడు డ్యూక్ అని తెలుస్తుంది. అతని దొంగతనం వేషమే కనుక ప్రేక్షకుడి మనసుకు ఇబ్బంది కలగదు.

1934 నుంచి హాలీవుడ్‌లో ప్రొడక్షన్ కోడ్ కట్టుదిట్టంగా అమలైంది. ప్రేక్షకుల సానుభూతి నేరం వైపు మొగ్గకూడదన్నది అందులో ముఖ్య నియమం. దొంగను నాయకుడిగా చూపాలంటే అతణ్ణి దొంగను చేసిన అన్యాయాన్ని ముందు చూపాలి, చివరికి అతణ్ణి చట్టం గూటికి చేర్చాలి. మైకేల్ కర్టిజ్ దర్శకత్వంలో వచ్చిన ‘కెప్టెన్ బ్లడ్’ ఈ రెండు పనులనూ సమర్థంగా చేసింది. ఎరోల్ ఫ్లిన్ పోషించిన వైద్యుడు గాయపడిన తిరుగుబాటుదారుకు చికిత్స చేసినందుకు రాజద్రోహిగా శిక్షపడి, జమైకాలో బానిసగా అమ్ముడవుతాడు. తోటి బానిసలతో ఓడ ఎక్కి పారిపోయి దొంగ అవుతాడు. ఇంగ్లండ్ సింహాసనం చేతులు మారాక క్షమాభిక్ష పొంది పోర్ట్ రాయల్ గవర్నర్ అవుతాడు. అప్పటివరకు పెద్దగా ఎవరికీ తెలియని ఫ్లిన్ ఈ చిత్రంతో తారగా ఎదిగాడు. కర్టిజ్, ఫ్లిన్‌లే 1940లో తీసిన ‘ది సీ హాక్’లో నాయకుడు ఎలిజబెత్ రాణి మేలు కోసం స్పెయిన్ నౌకలను దోచుకుంటాడు. ప్రపంచాన్ని జయించాలనుకునే స్పెయిన్ రాజులో ఆనాటి ప్రేక్షకులు హిట్లర్‌ను చూశారు. 1942 నాటి ‘ది బ్లాక్ స్వాన్’లో గవర్నర్ పదవి పొందిన మోర్గనే పాత్రగా కనిపిస్తాడు.

రెండో రూపం: ఇష్టపడదగిన దుర్మార్గుడు

సిల్వర్ ఈ మూసలో ఇమడడు. అతనికి జరిగిన అన్యాయం ఏదీ కథలో లేదు, పశ్చాత్తాపమూ లేదు. 1934లో వాలెస్ బీరీ, 1950లో డిస్నీ సంస్థ చిత్రంలో రాబర్ట్ న్యూటన్ ఈ పాత్ర పోషించారు. న్యూటన్ వాడిన నైరుతి ఇంగ్లండ్ యాస ఆ తర్వాత తెర మీది దొంగలందరి యాసగా స్థిరపడింది. 1950 చిత్రం ముగింపులో పారిపోతున్న సిల్వర్ అడ్డం తిరిగిన జిమ్‌కు పిస్తోలు గురిపెట్టినా కాల్చలేకపోతాడు. ఇసుకలో ఇరుక్కున్న పడవను నెట్టి అతణ్ణి సాగనంపేది జిమ్మే. తండ్రి లేని కుర్రాడికి సిల్వర్ మొదటి ఆత్మీయుడు, మొదటి మోసగాడు కూడా. కథను జిమ్ కళ్లతో చూపడం వల్ల ఆ తికమక ప్రేక్షకుడి సొంతమవుతుంది.

1952లో బర్ట్ లంకాస్టర్ ‘ది క్రిమ్సన్ పైరేట్’ ఈ సినిమాలను సర్కస్ విన్యాసాల వినోదంగా మార్చింది. 1965 నాటి ‘ఎ హై విండ్ ఇన్ జమైకా’ చాలా లోతుకు వెళ్లింది. అనుకోకుండా దొంగల ఓడలో చిక్కిన పిల్లల్లో ఒక అమ్మాయి భయంతో ఒక డచ్చి కెప్టెన్‌ను పొడిచి చంపుతుంది. న్యాయస్థానంలో ఆమె మాటల మీదనే, ఆ హత్య చేయని దొంగలకు ఉరిశిక్ష పడుతుంది. దొంగ నిర్దోషి, పసిపిల్ల దోషి అయిన ఈ కథ అంతకుముందున్న లెక్కలన్నిటినీ తలకిందులు చేసింది.

మూడో రూపం: జాక్ స్పారో

1995లో ‘కట్‌త్రోట్ ఐలాండ్’ సుమారు 10 కోట్ల డాలర్ల ఖర్చుతో తయారై అమెరికాలో కోటి డాలర్లే వసూలు చేసింది. ఓడల సినిమాలకు ఇక ప్రేక్షకులు లేరని పరిశ్రమ నమ్మింది. ఆ నమ్మకాన్ని 2003లో ‘ది కర్స్ ఆఫ్ ది బ్లాక్ పెర్ల్’ తోసిపుచ్చింది. డిస్నీలాండ్‌లో 1967లో తెరిచిన ఒక వినోద విహారం దీనికి ఆధారం. గోర్ వెర్బిన్‌స్కీ దర్శకుడు, టెడ్ ఇలియట్, టెరీ రోసియో కథనకర్తలు. రాక్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ తీరును మనసులో పెట్టుకుని జానీ డెప్ మలచిన తూలే నడకను, ముద్ద మాటను చూసి డిస్నీ అధికారులు మొదట కంగారుపడ్డారు. ఆ పాత్రే డెప్‌కు ఆస్కార్ ఉత్తమ నటుడి నామినేషన్ తెచ్చింది. చిత్రం ప్రపంచవ్యాప్తంగా 65 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. 2017 వరకు వచ్చిన ఐదు చిత్రాల మొత్తం వసూళ్లు సుమారు 450 కోట్ల డాలర్లు.

స్పారో కులీనుడు కాడు, సిల్వర్‌లా పూర్తి దుర్మార్గుడూ కాడు. నీటిలో మునిగిపోతున్న గవర్నర్ కూతురు ఎలిజబెత్‌ను కాపాడతాడు, మరుక్షణం ఆమె మెడకు సంకెళ్లు చుట్టి బందీగా వాడుకుంటాడు. ఆమెను ప్రేమించే విల్ టర్నర్‌ను శత్రువుకు అమ్ముతున్నాడో, కాపాడుతున్నాడో చివరి పోరాటం దాకా తెలియదు. రెండో చిత్రం ‘డెడ్ మాన్స్ చెస్ట్’లో పట్టుకున్నవాడి మనసు దేన్ని కోరుతుందో ఆ వైపు చూపే అతని దిక్సూచి అతని చేతిలోనే పనిచేయదు, ఎందుకంటే తనకేం కావాలో అతనికే తెలియదు. పాత్ర స్వభావమంతా ఆ ఒక్క వస్తువులో ఉంది. అదే చిత్రంలో ఓడను వదిలి పారిపోయి మళ్లీ తిరిగి వస్తాడు. తోటివాళ్లను కాపాడటానికి అతణ్ణి తెరచాప కొయ్యకు కట్టేసి సముద్రపు రాక్షసికి వదిలేది ఎలిజబెత్. అంటే సందిగ్ధత దొంగ దగ్గర ఆగకుండా నీతిమంతురాలికీ అంటుకుంటుంది.

ఆకర్షణకు కారణాలు

అన్యాయమైన చట్టం. ‘కెప్టెన్ బ్లడ్’లో జబ్బుమనిషిని చూసిన వైద్యుణ్ణి శిక్షించేది న్యాయస్థానమే, మనుషులను అమ్మేది గవర్నర్ ప్రభుత్వమే. 2007 నాటి ‘ఎట్ వరల్డ్స్ ఎండ్’ మొదటి దృశ్యంలో హక్కులన్నీ రద్దు చేసి జనాన్ని వరుసగా ఉరితీస్తారు, వారిలో ఒక పిల్లవాడు కూడా ఉంటాడు. ఆ ఆజ్ఞ ఈస్టిండియా కంపెనీని పోలిన వ్యాపార సంస్థది. ఇలాంటి చట్టాన్ని ధిక్కరించడం ప్రేక్షకుడికి నేరంగా తోచదు. చరిత్రకారుడు ఎరిక్ హాబ్స్‌బామ్ 1969లో ‘బాండిట్స్’ పుస్తకంలో వివరించిన సామాజిక బందిపోటు భావన ఇక్కడ పనికొస్తుంది: రాజ్యం దొంగ అన్నవాణ్ణి జనం తమ మనిషి అనుకుంటారు.

పోలిక. నాయకుడి పక్కన అతని కన్నా నీచుడైన మరో దొంగ దాదాపు ప్రతి చిత్రంలోనూ ఉంటాడు. బ్లడ్‌కు లెవసేర్, స్పారోకు బార్బోసా, డేవీ జోన్స్ ఆ స్థానంలో ఉన్నారు. ప్రేక్షకుడు నాయకుణ్ణి సాధువుతో కాక క్రూరుడితో పోల్చి తూస్తాడు. అతడు చేయని పాపాలే అతని సుగుణాలవుతాయి.

కట్టుబాటు. చట్టాన్ని లెక్కచేయని మనిషికి సొంతంగా ఒక నియమం ఉంటే అతని మీద గౌరవం పుడుతుంది. స్త్రీలను అవమానించకపోవడం, దోచింది సమంగా పంచడం బ్లడ్ తన వాళ్లతో ఒప్పించిన నియమాలు. వీటికి చారిత్రక ఓడల ఒప్పందాలే ఆధారం. స్పారో చిత్రాల్లో ఈ నియమావళి వీలునుబట్టి వంగుతుంది కనుక ఎప్పుడు పాటిస్తాడు, ఎప్పుడు తప్పుతాడన్న ఉత్కంఠ తోడవుతుంది.

స్వేచ్ఛ. ఓడ మీద పుట్టుకకు విలువ లేదు, పనితనానికే విలువ. పై అధికారికి తలవంచి బతికే ప్రేక్షకుడికి ఎన్నికైన కెప్టెన్, సమాన వాటాలు, ఎల్లలు లేని సముద్రం కోరదగిన లోకంగా కనిపిస్తాయి. కత్తియుద్ధాలు, తాళ్లు పట్టుకుని ఒక ఓడ మీంచి మరో ఓడకు దూకడం ఆ స్వేచ్ఛను కంటికి చూపిస్తాయి.

తెలివి, నటన. ఈ నాయకులు ఎక్కువగా మాటతోనూ ఎత్తుతోనూ గెలుస్తారు. బలవంతుణ్ణి బలహీనుడు బోల్తా కొట్టించడం ఏ దేశపు జానపద కథల్లోనైనా శ్రోతలకు ఇష్టమే. ఏది అబద్ధమో, ఏది నిజమో ఊహిస్తూ కూర్చోవడం వల్ల ప్రేక్షకుడు కథలో భాగస్వామి అవుతాడు.

ప్రేక్షకుడి మనస్తత్వం. ప్రసార మాధ్యమాల పరిశోధకుడు డోల్ఫ్ జిల్‌మన్ సిద్ధాంతం ప్రకారం పాత్రల చేతలను నైతికంగా తూచి ప్రేక్షకులు వారిని ఇష్టపడతారు లేదా ద్వేషిస్తారు. ఆర్థర్ రేనీ దీనికి సవరణ సూచించాడు: ఇతడే నాయకుడని కథ తీరు చూసి ముందే గుర్తించి ఇష్టపడతారు, తర్వాత అతని తప్పులకు సమర్థనలు వెతుక్కుంటారు. సినిమా సిద్ధాంతకారుడు మరే స్మిత్ 1995లో పాత్ర వెంట నడవడాన్నీ, పాత్ర పక్షం వహించడాన్నీ విడదీశాడు. సిల్వర్ విషయంలో ప్రేక్షకుడు జిమ్ వెంట నడుస్తూ సిల్వర్ వైపు మొగ్గుతాడు. ఆ లాగుడులోనే ఆ పాత్ర ఆనందం ఉంది.

నీతికి ఆసరా. సందిగ్ధ నాయకుడు ఒంటరిగా నిలవలేడు. మొదటి మూడు కరీబియన్ చిత్రాల్లో విల్, ఎలిజబెత్‌ల ప్రేమ కథ నైతిక కేంద్రం కావడం వల్లే స్పారోకు ఎటైనా తిరిగే వీలు దొరికింది. 2011లో ఆ జంట లేకుండా స్పారోనే కేంద్రంలో నిలిపిన నాలుగో చిత్రం వసూళ్లలో గెలిచినా, విమర్శకులను అంతగా మెప్పించలేదు. ఎప్పుడూ అంతుపట్టనివాడి చుట్టూ కథంతా తిరిగితే అతణ్ణి కొలవడానికి కొలబద్ద ఉండదు.

స్త్రీ నాయికలు

1720లో జాన్ రాకమ్ ఓడలో పట్టుబడిన యాన్ బానీ, మేరీ రీడ్ ఈ పాత్రలకు చారిత్రక ఆధారం. 1951 నాటి ‘యాన్ ఆఫ్ ది ఇండీస్’లో జీన్ పీటర్స్ పోషించిన కెప్టెన్ ప్రావిడెన్స్ కోపం, అసూయ, త్యాగం కలగలిసిన పాత్ర. ఎలిజబెత్ స్వాన్ గవర్నర్ కూతురిగా మొదలై మూడో చిత్రానికి దొంగలందరికీ రాజు అవుతుంది. దొంగ మగవాడైతే చట్టాన్నే కాదంటాడు. స్త్రీ అయితే చట్టంతో పాటు ఆడదాని హద్దులనూ కాదంటుంది. అందువల్ల ఆ పాత్రల మీద కథ వేసే శిక్ష కూడా తరచు ఎక్కువే.

భారతీయ చిత్రాల్లో

ప్రభాత్ సంస్థకు వి. శాంతారాం తీసిన ‘అమర్ జ్యోతి’ (1936) ఈ దారిలో తొలి అడుగుల్లో ఒకటి. దుర్గా ఖోటే పోషించిన సౌదామిని, కన్నబిడ్డ మీద తల్లికి హక్కు లేదన్న రాజ్య న్యాయానికి ఎదురుతిరిగి సముద్రపు దొంగ అవుతుంది. బి.ఆర్. పంతులు తమిళంలో తీసిన ‘ఆయిరత్తిల్ ఒరువన్’ (1965) ‘కెప్టెన్ బ్లడ్’ ప్రభావంతో వచ్చింది. తిరుగుబాటుదారులకు వైద్యం చేసి బానిసగా అమ్ముడై, దొంగల ఓడ ఎక్కే వైద్యుడిగా ఎం.జి. రామచంద్రన్ నటించారు. జయలలిత ఆయన సరసన నటించిన తొలి చిత్రమిదే. 1976లో ఇటలీ టెలివిజన్ ధారావాహికలో శాండోకాన్‌గా కబీర్ బేడీ యూరప్‌లో విశేష ఆదరణ పొందారు. ఆమిర్ ఖాన్ నటించిన ‘థగ్స్ ఆఫ్ హిందోస్తాన్’ (2018)లో ఎటూ నమ్మలేని ఫిరంగీ పాత్రను చాలామంది స్పారోతో పోల్చారు.

భారత తీరాల వారికి ‘దొంగ’ అన్న ముద్ర పరాయి నౌకాశక్తుల నుంచి వచ్చింది. పోర్చుగీసువారు మలబారు నౌకాధిపతులైన కుంజాలి మరక్కార్లను, ఇంగ్లీషువారు మరాఠా నౌకాధిపతి కాన్హోజీ ఆంగ్రేను సముద్రపు దొంగలన్నారు. స్వదేశంలో వారు వీరులు. మరక్కార్ కథను ప్రియదర్శన్ 2021లో మోహన్‌లాల్‌తో మలయాళంలో తీశారు. ‘ఎట్ వరల్డ్స్ ఎండ్’లో హిందూ మహాసముద్రపు దొంగల ప్రభువుకు శ్రీ సుంభాజీ ఆంగ్రియా అని పేరు పెట్టడంలో ఆ పాత ముద్రే కొనసాగింది.

తెలుగులో సముద్రపు దొంగకు బదులు బందిపోటు రాజ్యమేలాడు. ఎన్.టి. రామారావుతో విఠలాచార్య తీసిన ‘బందిపోటు’ (1963) వంటి జానపద చిత్రాలు దోచి పేదలకు పంచే నాయకుణ్ణి నిలబెట్టాయి. 2024లో కొరటాల శివ తీసిన ‘దేవర’ కథను కడలి మీదికి తెచ్చింది. నౌకల నుంచి దొంగసరుకు దించే ముఠాలో ఒకడైన నాయకుడు, అందులో ఆయుధాలున్నాయని తెలిశాక ఆ పని మానేసి, తన వాళ్లనే భయపెట్టి సముద్రానికి కాపలా కాస్తాడు.

విమర్శలు, హద్దులు

చరిత్రకారుల ప్రధాన అభ్యంతరం బాధితులు కనుమరుగు కావడం. 1695లో హెన్రీ ఎవరీ ముఠా ఔరంగజేబుకు చెందిన ‘గంజ్-ఇ-సవాయి’ నౌకను పట్టుకున్నప్పుడు మక్కా నుంచి వస్తున్న యాత్రికులను చిత్రహింసలు పెట్టింది, స్త్రీలపై అత్యాచారాలు చేసింది. ఎవరీ ఎన్నడూ పట్టుబడలేదు, పైగా కథల్లో దొంగల రాజయ్యాడు. ఎడ్వర్డ్ టీచ్ ప్రధాన నౌక 1717లో ఫ్రెంచివారి నుంచి పట్టుకున్న బానిసల ఓడ. దొంగలు బానిసలను కొందరిని తమలో చేర్చుకున్నా, ఎందరినో సరుకుగా అమ్ముకున్నారు. ‘కెప్టెన్ బ్లడ్’ తెల్లవారి బానిసత్వాన్ని కథా కేంద్రం చేసింది. అదే జమైకాలో లక్షల ఆఫ్రికన్ల జీవితాలను మింగిన వ్యవస్థ నేపథ్యంలోనే ఉండిపోయింది. బందీలను బల్ల మీద నడిపించి నీటిలోకి తోయడం, నిధి పటాలు కూడా ఎక్కువగా సాహిత్యం సృష్టించినవే.

వర్తమాన కాలపు దొంగల మీద తీసిన చిత్రాలు ఈ ఆకర్షణ ఎక్కడ ఆగుతుందో చూపిస్తాయి. 2009లో సోమాలియా తీరం దగ్గర ‘మెర్స్క్ అలబామా’ నౌక మీద జరిగిన దాడి ఆధారంగా పాల్ గ్రీన్‌గ్రాస్ ‘కెప్టెన్ ఫిలిప్స్’ (2013) తీశాడు. బర్ఖద్ అబ్దీ పోషించిన ముసే పేదరికాన్ని, అతని వెనకున్న పెద్దల ఒత్తిడిని చిత్రం దాచదు. జాలి కలుగుతుంది కానీ అతడు నాయకుడు కాడు, ఎందుకంటే తుపాకీ ఎదుట వణికే బందీ ముఖం తెర మీద అంతసేపూ ఉంటుంది. అంతకు ముందు ఏడాది వచ్చిన డేనిష్ చిత్రం ‘ఎ హైజాకింగ్’ (2012) నెలల తరబడి సాగే బేరసారాల మధ్య నలిగే నావికుల మీదే దృష్టి నిలిపింది. దూరపు కాలం, ముఖం లేని బాధితుడు, దుర్మార్గమైన చట్టం, పక్కన మరింత క్రూరుడు అన్నవి తొలగితే మిగిలేది నేరమే. మూడు వందల ఏళ్ల నాటి కరీబియన్‌ను సాహస చిత్రాలు వదలకపోవడానికి ఇది ముఖ్య కారణం.